ఇల్లు అమ్మకం ఫొటోలకు కెనాన్ 10-18 లెన్సు: మండువా లోగిలికి పనికొస్తుందా?

కోనసీమలో అమ్మకానికి పెట్టిన ఇళ్ల ఫొటోలు చూస్తే సగం గోడ, సగం ఫ్యాను. గది మూలకి నక్కినా మామూలు లెన్సులో ఇల్లు పట్టదు మరి. ఆ ఇబ్బందిని తక్కువ ఖర్చులో తీర్చేది, ఎక్కువ వెడల్పు పట్టే కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 ఎంఎం ఐఎస్ ఎస్‌టీఎం. 2014లో వచ్చింది, బరువు 240 గ్రాములు. మౌంటు (కెమెరాకి బిగించే చుట్టు) ప్లాస్టిక్కే, హుడ్ (పక్క వెలుగు ఆపే ముందు తొడుగు) విడిగా కొనుక్కోవాలి. 1500డి లాంటి క్రాప్ (చిన్న సెన్సరు) కెనాన్ బాడీలకే. కెనాన్ ఆర్ఎఫ్ మౌంటు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉన్నవాళ్లు 2023 నాటి ఆర్ఎఫ్-ఎస్ 10-18 చూసుకోవడం మేలు.

లెన్సు కన్ను ఎఫ్/4.5-5.6 దాకానే తెరుచుకుంటుంది, వెలుగు తక్కువ వస్తుంది అని పెదవి విరవక్కర్లేదు, ఈ పనికి స్టాండు ఎలాగూ తప్పదు. ఏవీ మోడు (ఎఫ్ అంకె మనం పెడితే షట్టరు కెమెరా చూసుకుంటుంది), ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సరు స్పందన) 100, రా ఫైలు (తర్వాత దిద్దుకోవడానికి వీలైన ముడి ఫైలు), 2 సెకన్ల టైమరు. స్టాండెక్కాక ఐఎస్ (చేతి వణుకుని సరిదిద్దే ఏర్పాటు) ఆపేయాలి. ఎఫ్/16కి పోతే బొమ్మ మెత్తబడుతుంది. ఐదడుగుల దూరానికి ఫోకస్ పట్టి ఎంఎఫ్‌కి (మాన్యువల్ ఫోకస్) మార్చేస్తే, రెండున్నర అడుగుల నుంచి కిటికీ అవతలి కొబ్బరిచెట్టు దాకా స్పష్టంగా వస్తుంది. లెన్సు మీద దూరం అంకెలు లేకపోవడం మాత్రం లోటే.

అసలు జాగ్రత్త 10 ఎంఎం దగ్గర. ఫ్రేము అంచున పడ్డ ఫ్రిజ్ బీరువాలా సాగుతుంది, పదడుగుల గది పెళ్లిహాలైపోతుంది. కొనేవాళ్లు ఇంటికొచ్చి మొహం చిట్లిస్తే ఆ ఫొటో ఎందుకు? 12-14 మధ్య ఉంచండి. 10ని బాత్‌రూముకీ ఇరుకు వంటింటికీ దాచుకోండి.

మండువా లోగిలి దీనికి గట్టి పరీక్ష. నడిమి వాకిట్లో మిట్టమధ్యాహ్నం ఎండ, చుట్టూ వసారాలు చీకటి గుయ్యారం. ఏఈబీలో (ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగుల్లో వరసగా తీసే సౌకర్యం) మైనస్ 2, 0, ప్లస్ 2 పెట్టి మూడు తీసి కలిపినా ఆ తేడా అందదు. వాకిట్లో నేరుగా ఎండ పడని పొద్దున్నో సాయంత్రమో వెళ్తే 1/15, 1/4, 1 సెకను షాట్లతో పని అయిపోతుంది. ఫ్యాను ఆపండి, దండెం మీద బట్టలు తీయించండి. కదిలేది ఏదైనా కలిపేటప్పుడు దెయ్యంలా తేలుతుంది. కెమెరా నాలుగడుగుల ఎత్తులో, నీటిబుడగ మట్టం చూసి నిలపాలి. కాస్త పైకెత్తినా చెక్క స్తంభాలు లోపలికి ఒరిగిపోతాయి. వంటింట్లో అరడుగు పెంచితే గట్టు పైభాగం కనిపిస్తుంది.

లైట్లు ఆర్పి పగటి వెలుగుతోనే తీయడం ఉత్తమం. ట్యూబులైటూ పసుపు బల్బూ కలిస్తే గోడ సగం నీలం, సగం పసుపు. లైటు వేయక తప్పకపోతే షట్టరు 1/100 కంటే వేగంగా వద్దు, లేకపోతే 50 హెర్ట్జ్ కరెంటు మినుకు చారలుగా పడుతుంది. పెరట్లో అరటితోట ఉంటే తెల్లసున్నం కూడా ఆకుపచ్చగా వస్తుంది. కిటికీ పక్కనే తెల్లకాగితం పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (తెలుపంటే ఇదీ అని కెమెరాకి చూపడం) తీసుకోండి.

ఏసీ గదిలోంచి వసారాలోకి రాగానే లెన్సు ముందు అద్దానికి ఆవిరి పడుతుంది. సంచి జిప్పు తీయకుండా అరగంట బయట ఉంచాలి. దీనికి తేమ తట్టుకునే సీలు లేదు, వానాకాలం మూత బిగుతైన డబ్బాలో సిలికా జెల్ వేసి దాచాల్సిందే. డెల్టాలో సెకండ్ హ్యాండుది కొంటుంటే వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూడండి: సాలెగూటి దారాల్లాంటి బూజు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.