తోలు డప్పా, ఫైబర్ డప్పా: కోనసీమలో ఏళ్ల తరబడి రెండూ వాయించాక

డప్పు నేర్చుకుందామనుకునే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: తోలుది కొనాలా, ఫైబర్‌ది కొనాలా? నా దగ్గర రెండూ ఉన్నాయి. తోలుది మా తాత ఇచ్చాడు, ఫైబర్‌ది అమలాపురంలో కొన్నాను. జాతరల్లో, పెళ్లిళ్లలో, అమ్మవారి గరగలు తలకెత్తుకుని ఆడేవాళ్ల వెనక రెండూ వాయిస్తూ చాలా ఏళ్లయింది. నా మాట: నేర్చుకోవడానికి తోలు డప్పే తీసుకోండి. ముసురు పట్టిన రోజు ఊరేగింపుకి వెళ్లాలంటే మాత్రం ఫైబర్ డప్పుకి సాటి లేదు.

తోలు డప్పు చట్రం వేప చెక్కది. వేపకి పురుగు పట్టడం తక్కువ. మా తాత పడుచువాడిగా ఉన్నప్పుడు చేయించిన చట్రం ఇప్పటికీ ఒక్క పలక కదలకుండా ఉంది. తోలు మాత్రం మారుస్తూ ఉండాల్సిందే. చట్రానికి ప్రాణం ఎక్కువ, తోలుకి తక్కువ అనుకుని కొనుక్కుంటే బాధ ఉండదు.

మన డెల్టాలో దీనికి అసలు ఇబ్బంది గాలిలో తేమ. చుట్టూ కాలవలు, చేలు, చెరువులు, కాస్త దూరంలో సముద్రం. తోలు ఆ తేమని పీల్చుకుని సాగుతుంది, శబ్దం మెత్తబడిపోతుంది. సెగ చూపిస్తే తేమ పోయి బిగుసుకుంటుంది. అందుకే వాయించే ముందు డప్పు కాచాలి. ఎండు కొబ్బరాకులు మనకి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి గానీ, వాటి మంట భగ్గున లేచి తోలుని మాడుస్తుంది. మా తాత వరిగడ్డే కావాలంటాడు. గడ్డి మంటకి జానెడు ఎత్తులో డప్పు పట్టుకుని తిప్పుతూనే ఉంటాడు. మధ్యలో అరచేతి వెనకవైపు తోలుకి ఆనించి వేడి చూస్తాడు, అంచు దగ్గర గోటితో కొట్టి వింటాడు. ‘‘ఇంకా పచ్చిగానే ఉందిరా అబ్బాయ్. అంచులు తిప్పు, నడుమని వదిలెయ్’’ అనేవాడు. నడుమ ఎక్కువ కాగితే తోలు అక్కడే చిట్లుతుంది. అలా కాచిన డప్పుమీద మొదటి దెబ్బ పడగానే శబ్దం గుండెలో తగులుతుంది. ఆ శబ్దం ఫైబర్ డప్పులో నాకు ఎప్పుడూ రాలేదు.

నేర్చుకునేవాళ్లకి తోలుదే మంచిదని నేననేది ఈ కాచడం కోసమే. రోజూ కాచి, గోటితో కొట్టి, మళ్లీ కాచేటప్పటికి ఏ శబ్దం సరైనదో చెవికి పట్టుబడుతుంది. ఎండలోనైనా వానలోనైనా ఒకేలా మోగే ఫైబర్ షీటు దగ్గర చెవికి ఆ పని ఉండదు.

రెండో కారణం ఎడమచెయ్యి. కుడిచేతిలో సిర్ర అనే లావుపాటి కర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. ఎడమచెయ్యి అంచుని పట్టుకోవాలి, పుల్లనీ ఆడించాలి. సిర్ర దెబ్బల మధ్య ఖాళీని నింపేది ఆ పుల్లే. ఫైబర్ మీద పుల్ల ఎలా తగిలినా టక్కుమంటుంది కాబట్టి తప్పు తెలియదు. తోలుమీద సరిగ్గా తగిలితేనే పలుకుతుంది. తాత నన్ను చాలా రోజులు సిర్ర ముట్టుకోనివ్వలేదు, పుల్ల ఒక్కటే ఇచ్చి కూర్చోబెట్టాడు. అప్పుడు విసుగొచ్చింది. ఇప్పుడు నేను నేర్పే పిల్లలకీ అదే చేస్తున్నాను.

నేను డప్పు పట్టుకోవడం మా నాన్నకి ఇష్టం లేదు. దానికి కారణం ఉంది. మా తాత రోజుల్లో డప్పంటే ఊరి చాకిరీ. చావుకి పిలిచినా, చాటింపుకి పిలిచినా కాదనే వీల్లేదు, చేతిలో పెట్టింది పుచ్చుకుని రావడమే. ఆ అవమానం పిల్లలకి అంటకూడదని నాన్న చదువువైపు తోశాడు. తాత మాత్రం నాన్నని ఎదురుగా కూర్చోబెట్టి, ‘‘చాకిరీ వద్దన్నావు, బాగానే ఉంది. విద్య ఏం తప్పు చేసిందిరా? ఆడు తనకిష్టమైన చోట వాయించుకుంటాడు, నేను నేర్పుతాను’’ అన్నాడు. ఆ మాటే లేకపోతే నా చేతిలో ఈ డప్పు లేదు. మనవలకి నేర్పాలా వద్దా అని ఆలోచించే తాతలు, అమ్మమ్మలు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి నేర్పండి.

ఇక ఫైబర్ డప్పు. ఇనప రింగు, దానిమీద ప్లాస్టిక్ షీటు, చుట్టూ బిగించే నట్లు. షీటు తేమ పీల్చదు, కాచే పని లేదు. తీసుకెళ్లి వాయించడమే. డీజే బాక్సుల పక్కన కూడా వినిపించేంత గట్టిగా మోగుతుంది, కానీ గంటసేపు దగ్గరగా వింటే చెవులు దిమ్మెత్తుతాయి. ఉప్పుగాలికి నా డప్పు నట్లు రెండో ఏటికే తుప్పు పట్టాయి. అమ్మినవాళ్లు పట్టించుకోలేదు, స్టీలువి నేనే వేయించుకున్నాను. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లు కొనేటప్పుడే స్టీలు నట్లు అడగండి, వాడాక కొబ్బరినూనె గుడ్డతో తుడవండి. నట్లన్నీ సమానంగా బిగించాలి. ఒకవైపే లాగితే షీటు అక్కడే చిరుగుతుంది.

కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నేను రెండూ తీసుకెళ్తాను. పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే శివుళ్లు, ప్రభలమీద (వెదురుతో కట్టి అలంకరించి భుజాలమీద మోసేవి) వచ్చే తీర్థం అది. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా కూడా వెళ్లింది. ప్రభలు కౌశిక కాలవ దాటేటప్పుడు నీళ్లు చిందుతాయి, అక్కడ ఫైబర్ డప్పే. తోటలోకి వచ్చాక ఒక పక్కన గడ్డి మంట వేసుకుని తోలుది కాచుకుంటాను. ‘అశ్శరభ’ అంటూ జనం ఊగిపోతుంటే ఆ గంభీరానికి తోలు డప్పే నిలుస్తుంది.

కొనేటప్పుడు తోలుని ఎండకి ఎదురుగా పెట్టి చూడండి. వెలుగు అంతటా ఒకేలా కనిపించాలి. ఒకచోట పల్చగా, ఒకచోట మందంగా ఉంటే తీసుకోకండి, ఎంత కాచినా సమంగా పలకదు. పదేళ్ల పిల్లలకైతే చిన్న చట్రం చేయించండి. పెద్ద డప్పు బరువుకి ఎడమ భుజం లాగేసి మానేస్తారు.