చీమ పేరు కోసం వెళ్లి మ్యాపుల్లో ఇరుక్కుపోయాను - యాంట్‌వెబ్, యాంట్‌క్యాట్, యాంట్‌మ్యాప్స్ రివ్యూ

మూడు వారాలుగా నా ల్యాప్‌టాప్ కీబోర్డు మీద చీమలు తిరుగుతున్నాయి. మామూలు నల్ల చీమలు కావు, ఎర్రవీ కావు. ఒక్కోటి మిల్లీమీటరున్నర ఉంటుందేమో. తల నల్లగా ఉంటుంది, మిగతా ఒళ్లు పాలిపోయి దాదాపు కనపడదు, పరుగెత్తుతుంటే నల్లటి చుక్క ఒకటి దానంతట అదే దొర్లుతున్నట్టు ఉంటుంది. దీని పేరేంటో తెలుసుకుందామని మొదలుపెట్టిన పని ఇంత దూరం వస్తుందని అనుకోలేదు.

మొదట చేసిన తెలివితక్కువ పని, ఫోటో తీస్తే పురుగు పేరు చెప్తానన్న ఒక యాప్ వేసుకోవడం. పేరు చెప్పను, అలాంటివి చాలా ఉన్నాయి. మొదటి ఫోటోకి చెదపురుగు అంది. అదే ఫోటో కొంచెం కత్తిరించి పెడితే ఫారో చీమ అంది, పైగా మంచి ధీమాగా. చెదపురుగు అసలు చీమే కాదు, బొద్దింకలకి చుట్టం. సరే, రెండో జవాబైనా నిజమా అంటే, ఎందుకు ఆ పేరు చెప్పిందో ఎక్కడా రాయదు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు. నెల చందా కట్టమని అడిగిన రోజే తీసేశాను.

తర్వాత వెళ్లింది యాంట్‌వెబ్ అనే వెబ్‌సైటుకి. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ నడుపుతోంది, చీమల మీద పనిచేసే బ్రయాన్ ఫిషర్ 2002లో మొదలుపెట్టారు. పైసా కట్టక్కర్లేదు. ఇది మీ ఫోటో చూసి పేరు చెప్పదు, ఆ ఆశతో వెళ్లకండి. ఇక్కడ ఉండేవి మ్యూజియం పెట్టెల్లో ఉన్న అసలు చీమల ఫోటోలు. ఒక్కో చీమకి మామూలుగా నాలుగు ఫోటోలు: ముఖం ఎదురుగా, పక్క నుంచి, పైనుంచి, నాలుగోది దాని లేబుల్. ఆ నాలుగో ఫోటో ఎందుకని మొదట్లో అనుకున్నాను, ఇప్పుడు ముందు దాన్నే తెరుస్తున్నాను.

అన్నట్టు చిన్న చీమని నేరుగా పిన్నుకి గుచ్చరట, గుచ్చితే ఇంకేం మిగులుతుంది. త్రికోణంగా కత్తిరించిన చిన్న అట్టముక్క కొసకి చీమని జిగురుతో అంటించి, పిన్ను ఆ అట్టకి గుచ్చుతారు. పక్క నుంచి తీసిన ఫోటోల్లో ఆ అట్ట కొస, ఎండిన జిగురు మెరుపు కూడా కనిపిస్తాయి. కింద లేబుల్ మీద ఏ దేశం, ఏ కొండ, ఎంత ఎత్తు, ఏ తేదీ, ఎవరు పట్టుకున్నారు, కుళ్లిన దుంగలో దొరికిందా ఆకుల చెత్తలోనా అన్నీ ఉంటాయి. ఒక్కో చీమకి విడిగా ఒక నంబరు కూడా ఉంటుంది, ఆ అకాడమీ వాళ్లవైతే ఎక్కువగా సి ఏ ఎస్ ఇ ఎన్ టి అని మొదలవుతాయి. అంటే ఎవరైనా వెళ్లి ఆ పెట్టె తెరిపించి, మీరు చెప్పింది తప్పు అని వాదించవచ్చు. ఆ యాప్‌లో లేనిది సరిగ్గా ఇదే.

ఈ ఫోటోల పక్కన నా చీమని పెట్టి చూడ్డానికి పదింతలు పెద్దగా చూపే భూతద్దం సరిపోయింది. చూడాల్సింది నడుము. చీమ ఛాతీకి, పొట్టకి మధ్య సన్నటి నడుములో పూసల్లాంటి ముడులు ఉంటాయి. ఒక పూసా రెండా అన్నదానితోనే సగం లెక్క తేలిపోతుంది. రెండు పూసలుంటే చాలావరకు మిర్మిసినే అనే ఉపకుటుంబం, చీమలన్నిటిలో పెద్దది అదే. ఫారో చీమ అందులోదే, కాబట్టి దానికి రెండు పూసలుండి తీరాలి. నా చీమని పక్కకి తిప్పి చూస్తే రెండు కాదు కదా, ఒక్కటి కూడా కనపడలేదు. కళ్లు పోయాయేమో అనుకున్నాను. తీరా చూస్తే ఉన్న ఒక్క పూసా చదునుగా అణిగిపోయి, పొట్ట దాని మీదికి వాలి కప్పేస్తుంది. ఇది డాలికోడెరినే ఉపకుటుంబంలోని టాపినోమా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) లక్షణం. అక్కడి నుంచి పేరు దొరకడానికి పది నిమిషాలు: టాపినోమా మెలనోసెఫాలమ్. నల్ల తలది అనే దాని అర్థం. మామూలు వాడుకలో దెయ్యం చీమ అంటారు, ఎందుకో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. దీనికి కుట్టే ముల్లు కూడా లేదు.

పేరు దొరికాక దాని చరిత్ర కోసం యాంట్‌క్యాట్ అనే సైటు. ఇది చూడ్డానికి టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుంది, బొమ్మలు చూసి మురిసిపోయేవాళ్లకి కాదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసిన బారీ బోల్టన్ 1995లో వేసిన చీమల జాబితా దీనికి పునాది, ఆ తర్వాత వచ్చిన ప్రతి మార్పూ ఇందులోకి ఎక్కుతూ ఉంది. బతికున్న జాతులు 14 వేలకు పైగా, 16 ఉపకుటుంబాలు, శిలాజ జాతులు 700 పైచిలుకు. శిలాజమైతే పేరు ముందు చిన్న కత్తి గుర్తు ఉంటుంది, వెతికేటప్పుడు గమనించండి, లేకపోతే నాలాగా ఎప్పుడో అంతరించిన చీమ ఎక్కడ దొరుకుతుందా అని గంటసేపు వెతుకుతారు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది బ్రాకెట్ల సంగతి. దెయ్యం చీమ పేరు తర్వాత ఫాబ్రిషియస్, 1793 అని బ్రాకెట్లో ఉంటుంది, అంటే పేరు పెట్టిన శాస్త్రవేత్త, పెట్టిన ఏడాది. బ్రాకెట్ ఉందంటే ఆయన పేరు పెట్టినప్పుడు అది వేరే ప్రజాతిలో ఉండేదని అర్థం. నిజమే, అప్పుడది ఫార్మికా మెలనోసెఫాలా. ఫార్మికా అనేది 1758లో లిన్నేయస్ చీమలకి పెట్టిన పేరు, ఆ రోజుల్లో దాదాపు ప్రతి చీమనీ తెచ్చి అందులోనే పడేసేవాళ్లు. తర్వాత విడదీస్తూ వచ్చారు, కొన్నిసార్లు విడదీసినవాటిని మళ్లీ కలిపారు. 2014లో దండుగా కదిలే చీమలు, వాటి బంధువులవి ఆరు ఉపకుటుంబాలు కలిపి డోరిలినే అని ఒక్కటి చేశారు. పాత పుస్తకంలో చదువుకున్న పేరు ఇక్కడ దొరకకపోతే టెన్షన్ పడకండి, పాత పేరు కొడితే కొత్త పేరు దగ్గరికి అదే తీసుకెళ్తుంది.

ఇక మూడోది యాంట్‌మ్యాప్స్. నిజం చెప్పాలంటే ఈ రివ్యూ రాయడానికి కారణం ఇదే. హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో బెనువా గ్వెనార్, అప్పట్లో జపాన్‌లోని ఒకినావా ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న ఇవాన్ ఎకనామో, వాళ్ల బృందాలు కలిసి ప్రపంచమంతటి చీమల రికార్డులు పోగుచేసి కట్టిన మ్యాప్. జాతి పేరు కొడితే అది ఎక్కడెక్కడ ఉందో రంగులో వస్తుంది, సొంత ఊరు ఒక రంగు, మనుషుల సరుకులతో చేరిన చోటు ఇంకో రంగు. దెయ్యం చీమ పేరు కొట్టి చూడండి, భూమధ్యరేఖకి అటూ ఇటూ ప్రపంచం చుట్టూ ఉంటుంది. చలి దేశాల్లో కూడా ఉంది, కానీ అక్కడ వెచ్చగా ఉంచే భవనాల్లో, మొక్కలు పెంచే గాజు ఇళ్లలో బతుకుతుంది. దీని అసలు పుట్టిల్లు ఆఫ్రికానా ఆసియానా అన్నది ఇప్పటికీ తేలలేదు. తమాషా ఏంటంటే ఫాబ్రిషియస్‌కి ఇది దొరికింది దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా నుంచి. అంటే 1793కే ఇది ఓడలెక్కి సముద్రం దాటేసింది, శాస్త్రానికి మొదట పరిచయమైందే వలస వెళ్లిన చోట.

మ్యాప్ చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి, రంగు పడేది రాష్ట్రాల, దేశాల, దీవుల లెక్కన. పెద్ద రాష్ట్రంలో ఒక మూల ఒక్క చీమ దొరికినా మొత్తం రంగు పడుతుంది. అలాగే ఖాళీగా ఉన్న చోట చీమ లేదని కాదు, ఎవరూ వెతక్కపోయి ఉండొచ్చు. నిజంగా ఖాళీ చోట్లూ ఉన్నాయి. అంటార్కిటికాలో సొంత చీమలు లేవు. హవాయి దీవుల్లోనూ లేవు, అంత పచ్చగా ఉన్న చోట ఉన్నవన్నీ మనుషులు మోసుకొచ్చినవే. రెండో చివర ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, అక్కడ 1,400 దాకా జాతులు.

ఇక్కడ నోథోమిర్మీసియా అనే చీమ కథ చెప్పకుండా ఉండలేను. 1931లో ఆస్ట్రేలియా పశ్చిమాన ఒక యాత్రలో పోగైన పురుగుల్లో రెండు చీమలు, 1934లో పేరు పెట్టారు, కానీ సరిగ్గా ఎక్కడ పట్టారో రాసుకోలేదు. పాతకాలపు లక్షణాలున్న చీమ కాబట్టి దాని కోసం దశాబ్దాల తరబడి ఎంతోమంది అక్కడికే వెళ్లి వెతికారు, దొరకలేదు. 1977లో చీమల శాస్త్రవేత్త రాబర్ట్ టేలర్ బృందం దాన్ని వెతకడానికే పడమటికి బయల్దేరి, దారిలో పూచెరా అనే చిన్న ఊరి దగ్గర రాత్రి ఆగితే అక్కడ కనిపించింది, అదీ చలి రాత్రి చెట్టు మీద, అందరూ వెతికే చోటికి సుమారు వెయ్యి కిలోమీటర్లు తూర్పున. లేబుల్ మీద ఒక్క లైను రాయనందుకు నలభై ఏళ్లు పైనే పట్టింది. నాలుగో ఫోటో ముందు తెరుస్తానని అందుకే అన్నాను.

మ్యాప్ చూపించేది ఇవాళ్టి చీమల్ని. శిలాజాల సంగతి కలిపితే కథ అడ్డం తిరుగుతుంది. ఆకులు కలిపి కుట్టి చెట్ల మీద గూడు కట్టే ఈకోఫిల్లా చీమలు ఇప్పుడు రెండే జాతులు, ఒకటి ఆఫ్రికాలో, ఒకటి ఇండియా నుంచి ఆస్ట్రేలియా దాకా. మ్యాప్ చూస్తే వేడి దేశాల చీమ అని తేల్చేస్తాం. కానీ దాదాపు 4 కోట్ల ఏళ్ల నాటి బాల్టిక్ అంబర్‌లో, అంటే గట్టిపడి రాయిలా అయిన చెట్టు బంకలో, ఇదే ప్రజాతి చీమలు ఉన్నాయి. ఉత్తర యూరప్ అప్పుడు అంత వెచ్చగా ఉండేదన్నమాట. అన్యూరెటస్ సిమోనై అయితే మరీ, దాని ఉపకుటుంబంలో బతికున్న జాతి అదొక్కటే, ఉండేది శ్రీలంక అడవుల్లో మాత్రమే, చుట్టాలంతా ఆ బాల్టిక్ అంబర్ లాంటి చోట్ల శిలాజాలుగా మిగిలారు. దానికి ఎమరీ అనే శాస్త్రవేత్త 1893లో పేరు పెట్టారు, బ్రాకెట్ లేదు చూడండి, పెట్టిన పేరు పెట్టినట్టే ఉంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది లెప్టోమిర్మెక్స్. పొడుగు కాళ్ల చీమ, సాలీడులా నడుస్తుంది, మన దెయ్యం చీమ ఉపకుటుంబమే. ఆస్ట్రేలియా, న్యూగినీ, న్యూ కాలెడోనియాల్లో ఉండేదని అందరికీ తెలుసు. 1980లో దీని శిలాజాన్ని కరీబియన్‌లోని డొమినికన్ అంబర్ నుంచి వర్ణించారు. పసిఫిక్ మహాసముద్రానికి అవతలి చీమ ఇక్కడికెలా వచ్చింది? తర్వాత 2016లో బ్రెజిల్ గడ్డిమైదానాల్లో బతికున్న లెప్టోమిర్మెక్స్ జాతే ఒకటి బయటపడింది, పేరు రెలిక్టస్, మిగిలిపోయినది అని. అంటే ఈ చీమల మొదలే అమెరికా ఖండం వైపు అయి ఉండొచ్చు, అంబర్‌లోది దారి తప్పిన చుట్టం కాదు.

యాంట్‌వెబ్‌లో శిలాజాల ఫోటోలూ ఉన్నాయి, కొన్ని చూస్తే భయమేస్తుంది. దాదాపు 10 కోట్ల ఏళ్ల నాటి బర్మా అంబర్‌లో దొరికే కొన్ని చీమల్ని ఇంగ్లిషులో నరకపు చీమలని పిలుస్తారు, వాటి దవడలు పక్కకి కాకుండా కొడవళ్లలా పైకి లేస్తాయి, కొన్నిటికి నుదుటి మీద కొమ్ము కూడా. ఎరని దవడకీ కొమ్ముకీ మధ్య ఇరికించి పట్టుకున్న చీమే అంబర్‌లో అలాగే ఉండిపోతే 2020లో దాన్ని ప్రచురించారు. నేను ఆ బొమ్మని పెద్దది చేసి చాలాసేపు చూస్తూ కూచున్నాను.

మార్కులు వేయమంటే యాంట్‌వెబ్‌కి ఐదుకి ఐదు, యాంట్‌మ్యాప్స్‌కి ఐదు, యాంట్‌క్యాట్‌కి నాలుగు, ఎందుకంటే పది నిమిషాలకే కళ్లు లాగుతాయి. పేరు లేని ఆ యాప్‌కి సున్నా. ఇంగ్లిష్, లాటిన్ పేర్లు తప్పవు, అది ముందే చెప్తున్నా. ఫోన్లో కన్నా పెద్ద తెర మీద చూడండి, ముఖ్యంగా మ్యాప్.

శిలాజాల కోసం నేనే ఒక ఖాళీ ప్రపంచ పటం ప్రింటు తీసుకుని పెన్సిల్‌తో చుక్కలు పెడుతున్నాను. న్యూజెర్సీ తీరంలో ఒకటి, 1966లో ఒక దంపతులు ఏరిన అంబర్‌లో స్ఫీకోమిర్మా దొరికిన చోటు, 9 కోట్ల ఏళ్ల నాటిది, సగం కందిరీగ సగం చీమ. జర్మనీలో మెసెల్, అమెరికాలో వయోమింగ్, రెండు చోట్లా టైటానోమిర్మా అనే శిలాజ చీమ, 5 సెంటీమీటర్ల రాణులు. ఆ రెండు చుక్కల మధ్య ఉత్తర ధ్రువం మీదుగా గీత గీశాను, వేడి పెరిగిన రోజుల్లో అటునుంచే దాటి ఉంటాయని పరిశోధకుల అంచనా. చివరి చుక్క ఈశాన్య బ్రెజిల్‌లో క్రాటో, 2025లో ప్రచురించిన వల్కనిడ్రిస్, 11 కోట్ల 30 లక్షల ఏళ్ల నాటి సున్నపురాయిలో నరకపు చీమ, ఇప్పటికి దొరికిన చీమలన్నిటిలో పాతది. ఆ చుక్క పెడుతుంటే నా దెయ్యం చీమ ఒకటి పటం మీదికెక్కి, అట్లాంటిక్ దాటి, ఆఫ్రికా వైపు పోయింది.