తొప్పి దరువు వినిపించిన హెడ్‌ఫోన్లు: రెండున్నరేళ్ల వాడకం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లో 47 హరికథ కేసెట్లున్నాయి. అన్నీ నాన్నవే. నాన్న బడిలో తెలుగు చెప్పేవారు. శ్రీరామనవమి వచ్చిందంటే కాశీనగర్, గుణుపురం, మహేంద్రతనయ నది దాటి పాతపట్నం దాకా వెళ్లి కథ చెప్పేవారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి విజయనగరం మాకు మరీ దూరమేం కాదు, అందుకే మా వైపు పెద్దవాళ్లకు హరికథ అంటే సొంత ఇంటి సొత్తు. 1980ల్లో ఎవరో ఒకరు చాప ముందు టేప్‌రికార్డర్ పెట్టి నొక్కేవారు. అలా మిగిలిన కేసెట్లివి. నాన్న పోయాక వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, కథలన్నీ మాట పొల్లుపోకుండా రాసుకుందామని కూర్చున్నాను. రోజూ రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా అదే పని. దానికోసం కొన్నదే ఈ ప్లానర్ హెడ్‌ఫోన్ల జత, అంటే అయస్కాంతాల పక్కన పలచటి ఫిల్ము కదిలి పలికే రకం. 9 వేల చిల్లర పడింది. వెనక జాలీ ఉండే ఓపెన్‌బ్యాక్ రకం.

మొదట సంతోషం సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ రెండున్నరేళ్లూ దీన్ని వదలకపోవడానికి కారణం అదొక్కటే. నాన్న చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు, పక్కన మృదంగం, హార్మోనియం. పాత హెడ్‌ఫోన్లలో చిడతలూ గజ్జెలూ కలిసిపోయి ఒకటే ‘ఛళ్‌’ మనేవి. కింద మృదంగం ఒక ముద్దలా ఉండేది. అదంతా కేసెట్ పాడైపోయి అలా ఉందనుకున్నాను. ఇది పెట్టుకున్న మొదటి రాత్రి చిడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసింది. అది ఆగిన సందులో గజ్జె వినబడింది. రికార్డింగ్ మోనోయే, కుడీ ఎడమా తేడా లేదు. అయినా ఏ శబ్దం దారి దానిదే.

ఇంకో సంగతి. మృదంగం తొప్పి మీద, అంటే ఎడమ వైపున, బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి అతికిస్తారు కదా. దానివల్లే ఆ నిండు ‘ధోం’. రాత్రంతా వాయిస్తుంటే రవ్వ ఆరిపోతుంది, నాదం పలచబడుతుంది. కాశీనగర్ కేసెట్‌లో మొదటి వైపు తొప్పి గంభీరంగా పలుకుతుంది, రెండో వైపు సగానికి వచ్చేసరికి చెక్క మీద కొట్టినట్టుంటుంది. నాన్న పిట్టకథ ఎత్తుకుని ఐదు నిమిషాలు జనాన్ని నవ్విస్తారు. మళ్లీ దరువు మొదలయ్యేసరికి తొప్పి నిండుగా ఉంది! ఆ పిట్టకథ మృదంగం ఆయన రవ్వ తడుపుకోవడానికి ఇచ్చిన విరామమని నాకు నలభై ఏళ్ల తర్వాత అర్థమైంది. ఆ ముక్క ఆ రాత్రి నాలుగుసార్లు విన్నాను.

కొన్న నెలకే మా వాళ్లందరికీ ఫోన్లు చేసి ‘తల మీద ఉన్నట్టే తెలీదు’ అని చెప్పాను. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. బరువు 390 గ్రాములు. మొదటి గంట నిజంగానే తెలీదు. రెండో గంటలో నడినెత్తిన రూపాయి బిళ్లంత చోట నొప్పి మొదలవుతుంది. అమ్మ పాత గమచా (తువ్వాలు) ముక్క నాలుగు మడతలు పెట్టి పట్టీకి కుట్టింది. అప్పట్నుంచి మూడు గంటలు గడుస్తున్నాయి. ఇక చెమట. ఏప్రిల్, మే నెలల్లో మా ఊరి ఉక్కలో రెగ్జిన్ ప్యాడ్లు చెవుల చుట్టూ తడిగుడ్డ కట్టినట్టే. పోనీ ఫ్యాను వేసుకుందామంటే జాలీలోంచి ఫ్యాను శబ్దం లోపలికొస్తుంది, నాన్న గొంతు తగ్గిన చోట మాట అందదు. ఫ్యాను ఆపి రాసిన రాత్రులే ఎక్కువ. రెండో వానాకాలానికి రెగ్జిన్ పొరలు పొరలుగా ఊడి చెంపలకు నల్లగా అంటుకునేది. గుడ్డ ప్యాడ్లు తెప్పించి మార్చాను. హాయిగా ఉన్నాయి గానీ తొప్పి నాదంలో ఆ అడుగు గాంభీర్యం కాస్త తగ్గింది. ప్యాడ్ మారితే శబ్దం మారుతుందని విన్నాను, ఇంత తెలుస్తుందని మాత్రం అనుకోలేదు.

ఫోనుకు నేరుగా తగిలిస్తే చాలదు, మధ్యలో చిన్న డాంగిల్ డాక్ (ఫోనులోని డిజిటల్ పాటను హెడ్‌ఫోన్లకు అందేలా మార్చే పరికరం) అయినా ఉండాలి. ఇది అందరూ చెప్పేదే. ప్లానర్ ఈమధ్య వచ్చిన సరుకని చాలామంది అనుకుంటారు గానీ యమహా వాళ్లు 1976లోనే హెచ్‌పి-1 పేరుతో ఈ పద్ధతిలో హెడ్‌ఫోన్లు అమ్మారు. అంటే ఈ కేసెట్ల కన్నా పాత సంగతి. పది వేల లోపు మా ఊరికి కొరియర్‌లో రావడమే కొత్త.

ఇక అసలు కథ. ఎనిమిదో నెలలో ఒక రాత్రి, తొప్పి పడ్డప్పుడల్లా ఎడమ చెవిలో ‘జుయ్‌’ మంది. కాగితం అంచు ఫ్యాను గాలికి కొట్టుకున్నట్టు. కేసెట్ దోషమనుకుని ఇంకోటి మార్చాను. అందులో హార్మోనియం కింది స్థాయిలోనూ అదే. నా జతలో ఒక్కో కప్పుకు వైరు విడిగా వస్తుంది, అందుకని కుడిది ఎడమకు, ఎడమది కుడికి మార్చి పెట్టాను. జుయ్ ఎడమలోనే ఉండిపోయింది. అంటే వైరు కాదు, డాక్ కాదు, కప్పు లోపల శబ్దం పుట్టించే డ్రైవరే. ఫోన్‌లో టోన్ జనరేటర్ (కోరిన స్థాయిలో ఒకే నాదం వినిపించే యాప్) పెట్టి స్థాయి మెల్లగా పెంచుకుంటూ పోతే 60 హెర్ట్జ్ దగ్గర మొదలై 90 దాటాక పోయింది. సరిగ్గా తొప్పి ఉండే చోటే.

అమ్మినవాళ్లకు రాశాను. పంపడానికి, తెప్పించుకోవడానికి ఖర్చులు నావే, ఆరు వారాలు పడుతుంది, లోపల దెబ్బ కనిపిస్తే వారంటీ వర్తించదు అన్నారు. చాలా కోపం వచ్చింది. ఒక్కసారి కూడా కింద పడని వస్తువు. పది రోజులు కేసెట్ పని ఆగిపోయింది. చివరికి బరంపురంలో ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒకాయనకు ఫోన్ చేశాను. సగం ఒడియా, సగం తెలుగులో ఆయన అడిగింది ఒక్కటే: “ప్యాడ్ తీసి చూశారా భాయి? టార్చి వేసి చూడండి ముందు.”

ప్యాడ్ తిప్పి ఊడదీశాను. అయస్కాంతపు కడ్డీల సందుల్లోంచి ఫిల్ము తళతళమంటోంది. టార్చి ఏటవాలుగా పట్టేసరికి కనబడింది. ఒక వెంట్రుక. ఒక కొస పైనున్న పలచటి గుడ్డ కన్నంలోంచి దూరి ఫిల్ముకు ఆనుకుంది, మిగతాది కప్పు చుట్టూ చుట్టుకుని ఉంది. స్టీలు పట్టకారు దగ్గరికి తీసుకెళ్లానో లేదో అయస్కాంతం చటుక్కున లాగింది. చెయ్యి వెనక్కి తీసుకోకపోతే మొన ఫిల్ములో దిగిపోయేదే. ఆ ఫిల్ము వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. ఊదడానికీ భయమేసింది. అగరుబత్తి పుల్ల కొసకు జిగురు పైకొచ్చేలా సెల్లోటేపు చుట్టి, గుడ్డకు పైన ఉన్న భాగానికి ఆనించి మెల్లగా లాగాను. వచ్చేసింది. మూరెడు పొడవు, సగం నలుపు, సగం తెలుపు. కొబ్బరినూనె వాసన.

అమ్మది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. జుయ్ మొదలవడానికి రెండు రోజుల ముందు అమ్మ తలంటుకుని జుట్టు ఆరబోసుకుని కూర్చుంటే, పాతపట్నం కేసెట్ వినమని నేనే తల మీద పెట్టాను. నాన్న పోయాక ఆయన గొంతు అమ్మ విన్నది అదే మొదలు. రుక్మిణీ కల్యాణం. కథ మధ్యలో నాన్న చిన్నగా దగ్గుతారు. అమ్మ వెంటనే, “ఒరే బాబూ, ఆ వేళ జ్వరంరా ఆయనకి, వద్దంటే విన్నారు కాదు” అంది. ఆ దగ్గు నేను అంతకుముందు పాత హెడ్‌ఫోన్లలో ఎన్నిసార్లు విన్నానో, ఎవరో జనంలోంచి దగ్గారనుకున్నాను.

వెంట్రుక తీశాక టోన్ పెట్టి చూస్తే 20 హెర్ట్జ్ నుంచి పైదాకా జుయ్ లేకుండా నిండుగా పలికింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ డ్రైవర్‌కు ఏమీ కాలేదు. కాబట్టి ఎవరికైనా ఒక వైపు ఇలా జుయ్‌మంటే పెట్టె కట్టి కొరియర్‌కు ఇచ్చేముందు ప్యాడ్ తీసి టార్చి వేయండి. స్టీలు వస్తువు మాత్రం దగ్గరికి తీసుకురాకండి.

కొనమంటారా అని మా తమ్ముడు అడిగితే సూటిగా చెప్పలేకపోయాను. వాడు బస్సులో, ఆఫీసులో వింటాడు. లోపలి శబ్దమంతా పక్కవాళ్లకు పోతుంది, పక్కవాళ్ల మాటలన్నీ లోపలికొస్తాయి. వాడికి పనికిరాదు. పాత రికార్డింగు అయితే టేపు హిస్సు (‘స్స్‌’ మనే రొద) కూడా అంతే శుభ్రంగా వినిపిస్తుంది, అది ఓర్చుకోవాలి. నాకు విడి గది ఉంది, రాత్రిపూట తీరిక ఉంది, మెడ ఇంకా గట్టిగానే ఉంది. ఇదే వస్తువు పదేళ్ల తర్వాత తల మీద మూడు గంటలు మోస్తానో లేదో.

ఇంకా 11 కేసెట్లు మిగిలాయి. గుడ్డ ప్యాడ్లు అణగారిపోయి, నా చెవి కప్పు లోపలి గుడ్డకు తగులుతోంది, ఈ చలికాలం అయ్యేలోపు మళ్లీ మార్చాలి. అమ్మ ఇప్పుడు వినాలనుకుంటే ముందు జుట్టు గట్టిగా ముడి వేసుకుని, మీదుగా చెంగు కప్పుకుని, అప్పుడు అడుగుతుంది.