నెలనెలా వచ్చే ధరల పత్రం: ఆర్థికవేత్త పనిని చూపే ఉచిత సేవ

ఆర్థికవేత్త చేసే పనేమిటని ఎవరు అడిగినా, కేంద్ర గణాంక శాఖ ప్రతి నెలా 12వ తేదీ ప్రాంతంలో విడుదల చేసే వినియోగదారుల ధరల సూచీ (కుటుంబాలు కొనే సరుకులు, సేవల ధరల మార్పును కొలిచే అంకె) పత్రాన్ని తెరిచి చూపిస్తాను. ఎవరైనా పైసా ఖర్చు లేకుండా దించుకోగల ఈ పత్రాన్ని మించిన పరిచయం నాకు తెలియదు.

దీని విలువ తెలియాలంటే 2023 జూలై పత్రాన్ని చదవాలి. మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద రూపాయలు దాటిన నెల అది. మొదటి పేజీలో రిటైల్ ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ఆ సూచీ పెరిగిన తీరు, 7.44 శాతమని ఉంటుంది. ఆర్థికవేత్త పని ఆ అంకె దగ్గర మొదలవుతుంది. లోపలి పట్టికలో కూరగాయల వరుస చూస్తే, ఏడాదిలో ధరలు 37.34 శాతం పెరిగాయనీ, సూచీలో వాటి వెయిటేజీ, అంటే మొత్తం ఇంటి ఖర్చులో వాటికిచ్చిన వాటా, నూటికి 6.04 అనీ కనిపిస్తుంది. ఈ రెండింటినీ గుణిస్తే, 7.44 శాతంలో రెండు శాతం పాయింట్లకు పైగా కూరగాయలదేనని తేలుతుంది. ఇక మిగిలేది అసలు ప్రశ్న: ఇది పంట చేతికొస్తే దిగే ధరా, లేక అద్దెలకూ కూలి రేట్లకూ పాకే ధరా? ధరలను అదుపు చేయాలని రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచితే ఇంటి రుణం వాయిదా బరువవుతుంది తప్ప టమాటా కాపు పెరగదు. ఆ ఆగస్టు 10న రిజర్వు బ్యాంకు విధాన కమిటీ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 6.5 శాతం వద్దే ఉంచి, ఏడాది ద్రవ్యోల్బణ అంచనాను మాత్రం 5.1 నుంచి 5.4 శాతానికి పెంచింది. అక్టోబరు నాటికి ద్రవ్యోల్బణం 4.87 శాతానికి దిగింది.

లోపం లేదని అనను. 2012 ఆధార సంవత్సరంగా (ధరలను పోల్చి చూసే ఏడాదిగా) నడిచిన ఆ సూచీలోని వెయిటేజీలు 2011-12 నాటి కుటుంబ ఖర్చుల సర్వే నుంచి వచ్చినవి. ఆహార పానీయాలకు ఇచ్చిన 45.86 శాతం వాటా ఈనాటి కుటుంబాల ఖర్చుకు సరిపోదు. ఇంత ముఖ్యమైన కొలబద్దను అన్నేళ్లు మార్చకపోవడం సరికాదని నా అభిప్రాయం.

ఆ అంకెల వెనుక 1,114 పట్టణ మార్కెట్లకూ 1,181 గ్రామాలకూ వెళ్లి ధరలు అడిగి రాసుకున్న సిబ్బంది ఉన్నారు. కొట్టు మారినా, బియ్యం రకం మారినా పోలిక చెడుతుంది కాబట్టి వారి ఓపికే ఈ పత్రానికి ప్రాణం. మొదటిసారి తెరిచేవారు ముందు వస్తువులవారీ పట్టిక, తరువాత రాష్ట్రాల పట్టిక, తమ ఇంటి పద్దును పక్కన పెట్టుకుని చదవాలని కోరుతున్నాను.