ఎముకను పట్టుకునే పాలిమర్ కణానికి ఏ కొక్కెం మేలు?

మందు నింపిన పాలిమర్ నానోకణాలను, అంటే గొలుసు అణువులతో చేసిన అతి సూక్ష్మ రేణువులను, నరం ద్వారా ఎక్కించినంత మాత్రాన అవి ఎముకకు చేరవు. కాలేయం, ప్లీహం వాటిలో చాలా భాగాన్ని దారిలోనే పట్టేస్తాయి. అందుకే ఎముకలోని హైడ్రాక్సీఅపటైట్ అనే కాల్షియం ఖనిజానికి అతుక్కునే కొక్కేన్ని కణం పైపూతకు తగిలిస్తారు. ఆ కొక్కెం ఏదై ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న.

అన్నిటిలోకీ గట్టి పట్టు బిస్‌ఫాస్ఫోనేట్లు అనే ఎముక మందులది. రెండు ఫాస్ఫరస్ పరమాణువుల నడుమ ఆక్సిజన్‌కు బదులు కార్బన్ ఉండటంతో శరీరంలోని ఎంజైములు వాటిని తెంచలేవు. ఎముకలు గుల్లబారిన పెద్దవారు వాడే అలెండ్రోనేట్ ఈ జాతిదే: పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పాటు నడుం వాల్చకుండా ఉన్నా, అందులో 1 శాతం కూడా రక్తంలోకి చేరదు. కణానికి అతికించి నరం ద్వారా ఇస్తే ఆ చిక్కు తీరుతుంది. ఈ అణువు కొసన ఉన్న అమైన్ సమూహం వల్ల అతికించడమూ సులువే. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఇలాంటి కణాల్లో బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు నింపి, వ్యాధి రాకముందే ఇచ్చినప్పుడు ఎలుకల్లో మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ పెరుగుదల నెమ్మదించింది. అయితే ఎముకలో కుదురుకున్న బిస్‌ఫాస్ఫోనేట్ ఏళ్ల తరబడి వదలదు, ఈ మందులు వాడినవారిలో కొందరికి దవడ ఎముక చచ్చుబడటమూ ఉంది.

రెండో కొక్కెం పెప్టైడు: ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లాన్ని ఆరు నుంచి ఎనిమిది సార్లు వరుసగా కూర్చిన చిన్న గొలుసు. దాని పట్టు ఇంత బిగువైనది కాదు. కానీ అది ఎముక అరిగిపోతున్న చోట్లకే ఎక్కువగా అతుక్కుంటుంది, పని ముగిశాక మామూలు అమైనో ఆమ్లాలుగా విడిపోగలదు.

మూడో కొక్కెం టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్. దానితో మనకు చుట్టరికం ఉంది: భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే అనే అమెరికా మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్‌తోనే ఆ కుటుంబం మొదలైంది. పసితనంలో ఈ మందులు వాడినవారి పళ్లపై కనిపించే పసుపు పట్టీ కాల్షియంతో దానికున్న పొత్తుకు ఆనవాలు. దీన్ని రెండు విడతలుగా ఇచ్చి, తర్వాత తీసిన ఎముక ముక్కను అతినీలలోహిత కాంతిలో చూస్తే మెరిసే గీతలు రెండు కనిపిస్తాయి. వాటి మధ్య దూరమే ఆ వ్యవధిలో పెరిగిన ఎముక. ఇంత అందమైన గుణమున్నా, వెలుతురుకూ ఆమ్లానికీ చెడిపోయే ఈ అణువును పాలిమర్‌కు అతికించడం కష్టం కాబట్టి దీన్ని నేను చివరన ఉంచుతాను.

కేవలం ఎముకను స్కాన్‌లో చూడటానికైతే అసలు కణం అక్కరలేదనే నా అభిప్రాయం: బోన్ స్కాన్‌లో వాడే, బిస్‌ఫాస్ఫోనేట్ జాతికే చెందిన ఎండీపీ అనే చిన్న అణువు, 6 గంటల అర్ధాయువున్న టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని మోసుకెళ్లి ఆ పని చక్కగా చేస్తోంది. కణం అవసరమయ్యేది మందుకే. ఎముకకు పాకిన క్యాన్సర్‌లో, ఎముకను కొరికే జీవకణాలను తానే అణచగల బిస్‌ఫాస్ఫోనేట్‌నే ఎంచుకోవాలి. ముందు ఎన్నో ఏళ్ల జీవితం ఉన్న రోగికి మందును పదేపదే ఇవ్వవలసి వస్తే మాత్రం, పట్టు కొంత తగ్గినా, ఆస్పార్టిక్ గొలుసే మేలు.