కర్నూల్లో చేయించిన రంగుటద్దం: గ్నాట్ యుద్ధవిమానం అడిగితే ముందు ప్యాసింజర్ విమానం వచ్చింది

కర్నూల్లో ఏ అద్దాల షాపుకి పోయి స్టెయిన్డ్ గ్లాస్ (రంగుటద్దం ముక్కల్ని సీసం పట్టీలతో కూర్చి చేసేది) అడిగినా "చేస్తామన్నా" అనే అంటారు. చాలామంది చేసేది వేరే. మామూలు అద్దానికి రంగు ఫిల్మ్ అంటించి, గీతల మీద సీసం పట్టీ అతికించి ఇస్తారు. పూజగది తలుపుకైతే అది చాలు. నేను మొదట అదే చేయించి 5,400 పోగొట్టుకున్నా, పడమటి కిటికీ కదా, ఒక్క ఎండాకాలానికే ఫిల్మ్ బుడగలు లేచింది. కాబట్టి ఈ రివ్యూ రెండో షాపు గురించి. పేర్లు మాత్రం రాయను.

అసలు కథ మా నాయనది. 1971 పాకిస్తాన్ యుద్ధం నాటికి ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్. లండన్ వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో, బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీతో ఆకాశంలో జరిగిన పోరు) వాళ్ళ కోసం పెట్టిన రంగుటద్దాల కిటికీ ఫోటో ఫోన్లో చూపిస్తే వదల్లేదు. హ్యూ ఈస్టన్ గీసింది, 1947 జూలై 10న రాజు ఆరో జార్జ్ ఆవిష్కరించాడు. అందులో మోకాళ్ళ మీద ఉన్న ఎయిర్‌మెన్ కనిపిస్తారు. పక్కన గోడకి బాంబు దెబ్బకి పడిన చిల్లుని పూడ్చకుండా అద్దం వేసి అట్లే ఉంచారు, నాయనకి కిటికీ కంటే ఆ చిల్లే ఎక్కువ నచ్చింది. రిటైర్డ్ వాళ్ళంతా కూర్చునే గదికి మనమూ ఒకటి పెడదాం, ఎయిర్‌ఫోర్స్‌లో పరమవీరచక్ర వచ్చిన ఒకే ఒక్కడు, 71 యుద్ధంలో పోరాడిన పైలట్ సెఖోన్ పేరుండాలి, ఆయన నడిపిన గ్నాట్ ఉండాలి, కింద పానా పట్టుకున్న మనిషీ ఉండాలి అన్నాడు. మన దగ్గర ఆఫీసర్లు కానివాళ్ళనే, అంటే నాయనలాంటి ఫిట్టర్లనే, ఎయిర్‌మెన్ అంటారు, అందుకే ఆ పట్టు.

రెండో షాపాయనకి నిజంగా పని తెలుసు. రంగు అద్దంలోనే ఉండే ముక్కలు తెప్పించి, ఒక్కోటీ కోసి, రెండు వైపులా గాడి ఉన్న సీసం పట్టీల్లో ఇరికించి, కీళ్ళ దగ్గర టంకం పెట్టాడు. రెండడుగులు బై మూడు, చదరపు అడుగు 2,800 లెక్కన 16,800 అయింది.

కానీ డ్రాయింగ్ దగ్గర చుక్కలు చూపించాడు. మొదటి స్కెచ్ చూసి నాయన "ఇది గ్నాట్ కాదబ్బీ, తిరుపతి పోయే విమానం" అన్నాడు. గ్నాట్ బుల్లి ఫైటర్, రెక్కలు వెనక్కి వాలి ఉంటాయి. ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో ఆకుపచ్చ రావాలి, ఈయన తిరగేసి కోసేశాడు. మళ్ళీ కోయించడానికి పన్నెండు రోజులు. ముఖాలు మాత్రం వద్దని మేమే అన్నాం, అద్దం మీద వేసిన ముఖం నిలవాలంటే ఆ రంగుని కొలిమిలో 600 డిగ్రీలకు పైన కాల్చాలి, ఈయన దగ్గర ఆ కొలిమి లేదు, ఉత్త గ్లాస్ పెయింట్ వేస్తానన్నాడు. చివరికి పానా మనిషిని నల్లద్దం ముక్కతో నీడలాగా కోశాడు. అదే అన్నిటికంటే బాగా వచ్చింది, నిజం చెప్తున్నా.

బిగించిన వారానికి గాలికి గిలగిల చప్పుడు. చూస్తే పట్టీకి, అద్దానికి మధ్య పుట్టీ పెట్టలేదు. మూడుసార్లు ఫోన్ చేస్తే వచ్చి పెట్టిపోయాడు, డబ్బులడగలేదు, అది ఒప్పుకోవాలి.

సాయంత్రం అయిదుకి నీలం, కాషాయం నేల మీద పడతాయి. నాయన కుర్చీ ఆ వెలుగుతో పాటు జరుపుకుంటా పోతాడు.

5కి 3.5 ఇస్తా. చేయించుకునేవాళ్ళు ముక్కని అంచు నుంచి చూడండి, రంగు లోపలిదాకా ఉంటేనే అసలుది. విమానం ఫోటో ప్రింట్ తీసి చేతికివ్వండి, నోటితో చెప్పొద్దు. పుట్టీ పెట్టేదాకా బాకీ ఆపండి.