ఎడేల్ లోయలో రెండు రాత్రులు

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో రైలెక్కితే ముప్పావుగంటలో ఎడేల్, కొండల మధ్య చిన్న ఊరు. అక్టోబరు బడి సెలవుల్లో పిల్లలిద్దరితో అక్కడొక అవుట్‌డోర్ సెంటర్‌లో, అంటే బసతోపాటు కొండలెక్కడం లాంటివి చేయించే చోట, దిగాం. కారు అక్కర్లేదు. కానీ స్టేషన్ నుంచి మట్టిదారిలో చక్రాల సూట్‌కేస్ లాగేసరికి నాకు చుక్కలు కనిపించాయి. వీపున తగిలించుకునే బ్యాగే తెచ్చుకోండి.

గది సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. కిర్రుమనే బంక్ మంచాలు, కారిడార్ చివర బాత్రూమ్. శాకాహారమని ముందే చెప్పినా మధ్యాహ్నం పొట్లంలో రెండు రోజులూ చీజ్ శాండ్‌విచ్చే. కారప్పొడి చల్లుకుని తిన్నాం. తడి బట్టలు ఆరబెట్టే గదిలో మొదటి రాత్రి హీటరే వెయ్యలేదు. పొద్దున్నే తడి షూస్‌లో కాళ్లు పెట్టడం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అడిగాక సాయంత్రానికి వేశారు, అదొకటి నయం.

ఇన్‌స్ట్రక్టర్ విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. స్టానేజ్ ఎడ్జ్ అనే రాతి కొండచరియకి వ్యాన్‌లో తీసుకెళ్లింది. అక్కడి రాయి ఎంత గరుకంటే బూటు జారదు, చేతులు మాత్రం దోక్కుపోతాయి. తాడుతో కిందికి దిగేముందు మా పెద్దమ్మాయినే నడుం పట్టీ బకిల్ లాగి చూపించమంది, తర్వాత తనూ లాగి చూసింది. బండ అంచున వెనక్కి వాలాలి. "నాన్నా, పడిపోతానేమో!" అంది పిల్ల. ఇన్‌స్ట్రక్టర్‌కి తెలుగు రాదు, అయినా తొందరపెట్టలేదు. పిల్ల తనంతట తాను మొదటి అడుగు వేసేదాకా పది నిమిషాలు ఆగింది. నా వంతుకి మోకాళ్లు వణికాయి, అది వేరే కథ.

రెండోరోజు వాన. 636 మీటర్ల కిండర్ స్కౌట్ మబ్బులో మునిగిపోయింది. 1932లో ధనవంతుల వేట భూముల్లో నడిచే హక్కు కోసం వందలమంది ఎక్కిన కొండ అది, ఐదుగురు జైలుకు కూడా వెళ్లారు. మేం వానకే వెనక్కి తగ్గాం.

తెరిపి ఇచ్చాక మామ్ టోర్ అనే కొండ దాటి అవతలి వైపు దిగాం. అక్కడ కొండ జారిపోతూనే ఉంటుంది. మళ్లీ మళ్లీ బాగుచేసీ చేసీ విసిగి, 1979లో రోడ్డు మూసేశారు. విరిగిన చోట తారు పొరలు దొంతరగా కనిపిస్తాయి. వాటిని లెక్కపెడుతూ మా చిన్నోడు కదలనన్నాడు. దీనికి టికెట్ లేదు.

ఈసారి వెళ్తే బస పక్కూరు కాసిల్టన్‌లో. సెంటర్‌లో ఒక పూట క్లైంబింగ్ మాత్రమే బుక్ చేస్తా. మనిషికి నాలుగు జతల మేజోళ్లు పట్టుకెళ్తా.